1813 బైట్ల తేడా

ఏప్రిల్ వచ్చిందంటే హైదరాబాద్ శివారు బాచుపల్లిలో జిరాక్స్ షాపులకు ఊపిరాడదు. వీఎన్ఆర్ విజ్ఞాన జ్యోతి, గోకరాజు రంగరాజు, బీవీఆర్ఐటీ మహిళా కాలేజీ అన్నీ ఈ చుట్టుపక్కలే. ఫైనలియర్ పిల్లలంతా ప్రాజెక్టు రిపోర్టులు ప్రింటు తీయించి, బైండింగ్ చేయించుకునే రోజులు. సగంమంది వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపేస్తున్నా పెన్‌డ్రైవ్ ఇంకా కనుమరుగు కాలేదు. కౌంటర్ వెనక కుర్రాడు ఒక్కోటి గుచ్చుతాడు, తెరుస్తాడు, ప్రింటు కొడతాడు, పీకి ఇచ్చేస్తాడు. ఉన్నట్టుండి ఒకదాని దగ్గర అతని చెయ్యి ఆగుతుంది. ‘ఫైనల్ రిపోర్ట్’ అన్న ఫోల్డరు కనిపిస్తూనే ఉంది. కానీ పసుపు బొమ్మ మూలన చిన్న బాణం గుర్తు. పక్కన సైజు 2 కేబీ. ఫోల్డరు పక్కన సైజు ఎప్పుడూ కనపడదే!

“అక్కా, దీనికి షార్ట్‌కట్ వైరస్ పట్టింది.”

నొక్కి ఉంటే ఫోల్డరు తెరుచుకునేదే. అదే దాని జిత్తులమారితనం. ముందు పెన్‌డ్రైవ్‌లో దాక్కున్న ఓ చిన్న స్క్రిప్టును షాపు కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆ తర్వాతే అసలు ఫోల్డరు చూపిస్తుంది. అసలుది ఎక్కడికీ పోలేదు. దానికి ‘హిడెన్’, ‘సిస్టమ్’ అని రెండు గుర్తులు తగిలించి కంటికి ఆనకుండా చేసింది, అంతే. కుర్రాడు నల్ల తెర తెరిచి, ‘యాట్రిబ్’ అనే పాత డాస్ కమాండ్ కొట్టి ఆ రెండు గుర్తులూ ఊడదీస్తాడు. రిపోర్టు మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఈ పని అతను ఏ యాంటీవైరస్ సాయమూ లేకుండానే చేశాడు. ఇక్కడ ఉండాల్సిందేమిటి, ఉన్నదేమిటి అని పోల్చి చూశాడు. తేడా కనపడింది.

పెన్‌డ్రైవ్‌లో పది ఫైళ్లుంటే కంటికి దొరుకుతాయి. మామూలు విండోస్ లాప్‌టాప్‌లో ఫైళ్లు లక్షల్లో ఉంటాయి. వాటిలో నిన్నటి నుంచి మారినవేవో కనిపెట్టడం యాంటీవైరస్ తయారుచేసేవాళ్లకు ముప్పై ఐదేళ్లుగా తెగని తలనొప్పి. మారనివాటిని వదిలేస్తే పని తేలికవుతుంది. లేకపోతే ఏమవుతుందో లెక్క వేసుకోవచ్చు. పాతరకం హార్డ్‌డిస్క్ సెకనుకు 100 ఎంబీ చదువుతుందనుకుందాం. అందులో 500 జీబీ సరుకు ఉంటే, మొదటి నుంచి చివరిదాకా ఊరికే చదవడానికే 5,000 సెకన్లు, అంటే దాదాపు గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. అదీ వరసగా చదివితే. చిన్న చిన్న ఫైళ్ల కోసం డిస్క్ ముల్లు అటూ ఇటూ పరుగెత్తాల్సి వస్తే ఇంకెంతో. రోజూ ఇదే పని పెట్టుకుంటే ఆ కంప్యూటర్‌తో వేరే పనేమీ జరగదు.

మొదట్లో అందరికీ తట్టిన ఉపాయం సైజు చూడటం. 1987లో జెరూసలేం నగరంలో బయటపడిన వైరస్‌కు ఆ ఊరి పేరే పెట్టారు. అది ‘కామ్’ రకం ప్రోగ్రాము ఫైలుకు అంటుకుంటే సైజు కచ్చితంగా 1,813 బైట్లు పెరిగేది. ‘ఈఎక్స్ఈ’ ఫైళ్ల దగ్గరికొచ్చేసరికి రాసినవాడి పొరపాటు దాన్ని పట్టించింది. ఒకసారి అంటుకున్న ఫైలును అది గుర్తుపట్టలేక, నడిపిన ప్రతిసారీ మళ్లీ అంటుకునేది. ఫైలు ఉబ్బి ఉబ్బి చివరికి మెమరీలో పట్టకుండా పోయేది. 13వ తేదీ శుక్రవారం వస్తే నడిపిన ప్రోగ్రామునల్లా చెరిపేసే దుర్మార్గం సరేసరి, అంతకన్నా ముందే ఈ ఊబకాయం చూసి జనానికి అనుమానం వచ్చింది.

రెండో ఉపాయం తేదీ. ప్రతి ఫైలుకూ చివరిసారి ఎప్పుడు మారిందో ఒక ముద్ర ఉంటుంది. నిన్నటికీ ఇవాళ్టికీ ఆ ముద్ర మారకపోతే ఫైలు మారలేదన్నమాట. వినడానికి బాగానే ఉంది. అయితే ఆ ముద్ర ఎవరైనా దిద్దగలిగేదే. వియన్నా అనే వైరస్ తాను అంటుకున్న ఫైళ్లను మళ్లీ గుర్తుపట్టడానికి ఆ ముద్రనే వాడుకుంది. సమయంలో సెకన్ల గడిలో 62 అని రాసిపెట్టేది. నిమిషానికి 60 సెకన్లే కదా! డాస్ ఆ గడిని రెండేసి సెకన్ల లెక్కన, ఐదు బిట్లలో దాచేది కాబట్టి 62 కూడా అందులో పట్టేది. డైరెక్టరీ చూపించే జాబితాలో సెకన్లు కనపడవు కాబట్టి ఎవరికీ తెలిసేది కాదు.

ఫ్రోడో అనే వైరస్ మరీ గడుసుది. 4,096 బైట్లు ఉంటుంది కాబట్టి ‘4096’ అనీ పిలిచేవారు. ఇది ఫైలు తేదీని ఏకంగా వందేళ్లు ముందుకు జరిపేది. 1990 కాస్తా 2090 అయ్యేది. డాస్ జాబితాలో సంవత్సరం చివరి రెండంకెలే కనపడతాయి, కాబట్టి తెరమీద 90 అలాగే ఉండేది. పెరిగిన 4,096 బైట్ల మాటేమిటి? వైరస్ మెమరీలో కూర్చుని, ఎవరైనా సైజు అడిగినప్పుడల్లా అందులోంచి 4,096 తీసేసి చెప్పేది. ఫైలు తెరిచి చూడబోతే పాత, శుభ్రమైన రూపమే చూపించేది. యాంటీవైరస్ అడిగిన ప్రశ్నకు దొంగే జవాబు చెప్పేవాడన్నమాట.

అసలు చిక్కంతా ఇక్కడే. కిరాణా కొట్లో తూనికరాయి మీద తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉంటుంది. దుకాణదారు తన రాయికి తానే ముద్ర కొట్టుకుంటానంటే ఎవరూ ఒప్పుకోరు. ఫైలు సైజు, ఫైలు తేదీ అలా ఎవరి రాయికి వారు కొట్టుకునే ముద్రల్లాంటివి. మార్పును చూడటం కష్టం కాదు. మార్పు గురించి చెప్పే సాక్షిని దొంగ చేతికి చిక్కకుండా కాపాడటమే కష్టం. ఈ రంగంలో ఆ తర్వాత వచ్చిన ప్రతి పద్ధతీ ఆ సాక్షిని ఎక్కడ కూర్చోబెట్టాలన్న తగువే.

ఫైలు చెప్పే మాట నమ్మకూడదనుకున్నాక మిగిలింది దాని లోపలి సరుకే. రేషన్ షాపులో బియ్యం తీసుకునేటప్పుడు వేలిముద్ర వేసినట్టే ఫైలుకూ ఒక వేలిముద్ర తీయవచ్చు. దాన్నే హ్యాష్ అంటారు. ఫైలు ఎంత పెద్దదైనా, నాలుగు గంటల సినిమా అయినా, నాలుగు ముక్కల ఉత్తరమైనా, లెక్క కట్టాక ఒకే పొడవున్న సంఖ్య వస్తుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న షా-256 పద్ధతిలో ఆ ముద్ర 64 అక్షరాలు. ఉత్తరంలో ఒక్క కామా తీసేస్తే ఓ గీత మాత్రమే మారదు, ముద్ర మొత్తం గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి ‘గెట్-ఫైల్‌హ్యాష్’ అని కొట్టి ఎవరైనా ఇంట్లోనే చూసుకోవచ్చు.

ఈ పద్ధతిని కాపలా పనికి పూర్తిస్థాయిలో వాడింది 1992లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం. అక్కడ జీన్ కిమ్ అనే విద్యార్థి, అతని గురువు జీన్ స్పాఫోర్డ్ కలిసి ట్రిప్‌వైర్ అనే ప్రోగ్రాము రాశారు. కంప్యూటర్ శుభ్రంగా ఉన్న రోజున ముఖ్యమైన ఫైళ్లన్నిటికీ ముద్రలు తీసి పట్టీ రాసుకోవడం, తర్వాత రోజూ ముద్రలు తీసి ఆ పట్టీతో సరిచూసుకోవడం దాని పని. ఆ పట్టీని రాయడానికి వీల్లేని, చదవడానికి మాత్రమే వీలైన చోట పెట్టమని వాళ్లు మొదటే చెప్పారు. ఫైలును మార్చగల దొంగ, అదే డిస్క్‌లో ఉన్న పట్టీని మార్చలేడా మరి!

వేలిముద్రకూ దొంగతనం తప్పలేదు. 1992లో వెలువడిన ఎండీ5 పద్ధతి చాలాకాలం రాజ్యమేలింది. రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే ఎండీ5 ముద్ర వచ్చేలా చేయవచ్చని 2004లో చైనా గణిత శాస్త్రవేత్త షియావ్‌యున్ వాంగ్ బృందం చూపించింది. పరిశోధకుల సరదా అనుకుంటుండగానే 2012లో ఫ్లేమ్ అనే గూఢచారి ప్రోగ్రాము బయటపడింది. అది ఎండీ5లోని ఈ లోపాన్నే అడ్డం పెట్టుకుని మైక్రోసాఫ్ట్ సంతకంలా కనిపించే దొంగ సర్టిఫికెట్ తయారుచేసుకుని, విండోస్ అప్‌డేట్ వేషంలో కంప్యూటర్లలోకి దూరింది. షా-1 కూడా 2017 ఫిబ్రవరిలో అదే దారి పట్టింది.

ముద్ర బలంగా ఉన్నా ఖర్చు తగ్గదు. ముద్ర తీయాలంటే ఫైలంతా చదవాలి. మళ్లీ ఆ గంటా ఇరవై నిమిషాల లెక్కే! చదవకుండానే ఏది మారిందో తెలియాలంటే, మార్పు జరిగే క్షణంలోనే ఎవరో ఒకరు రాసిపెట్టుకోవాలి. బాచుపల్లిలో కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టర్ ఉంటుంది చూడండి, అచ్చం అలాంటిదే విండోస్ 2000 నుంచి ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఫైళ్ల అమరిక వాడే డిస్కుల్లో ఉంది. దాని పేరు ఛేంజ్ జర్నల్. ఏ ఫైలులో రాశారు, దేని పేరు మార్చారు, దేన్ని చెరిపారు అని ఒక్కో వరుస చొప్పున నమోదవుతుంది. లోపల ఏం రాశారన్నది మాత్రం అందులో ఉండదు. సందర్శకుడు ఏ ఫ్లాటుకు వెళ్లాడో రాసుకునే వాచ్‌మన్ సంచిలో ఏముందో చూడడు కదా, అలాగే. పాత వరుసలు కొంతకాలానికి చెరిగిపోతుంటాయి. యాంటీవైరస్ వారం తర్వాత వచ్చి అడిగితే, అప్పటికి ఆ పేజీ చిరిగిపోయి ఉండొచ్చు.

రిజిస్టర్ ఉన్న సంగతి దొంగలకూ తెలుసు. 2017 జూన్ 27న ఉక్రెయిన్‌లో మొదలై ప్రపంచమంతా పాకిన నాట్‌పెట్యా, తన పని ముగించుకున్నాక ఈ జర్నల్‌ను చెరిపేయమని విండోస్‌కే ఆజ్ఞ ఇచ్చేది. బ్యాంకు దోచినవాడు పోతూ పోతూ సీసీ కెమెరా డబ్బా కూడా పట్టుకుపోయినట్టు.

అందుకే ఇప్పటి యాంటీవైరస్‌లు రిజిస్టర్ చదవడంతో సరిపెట్టుకోవు. గేటు దగ్గరే కుర్చీ వేసుకుంటాయి. విండోస్ లోపల, ఫైలు అడిగే ప్రోగ్రాముకూ డిస్క్‌కూ మధ్య ‘ఫిల్టర్ డ్రైవర్’ అనే చోటుంది. ఏ ఫైలు తెరిచినా, ఏ ఫైలులో రాసి మూసినా కబురు ముందు అక్కడికి వస్తుంది. చూసి శుభ్రమనుకుంటే యాంటీవైరస్ ఆ మాట గుర్తుపెట్టుకుంటుంది. ఎవరూ రాయనంతవరకూ మళ్లీ చూడదు.

ఈ గేటు బాధేమిటో బాచుపల్లి, నిజాంపేట, ప్రగతినగర్‌ల నుంచి రోజూ హైటెక్ సిటీ వైపు ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వెళ్లే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు బాగా తెలుసు. ప్రోగ్రామర్ ఒక్క బిల్డ్ నొక్కితే వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్లు పుడతాయి, మారతాయి, చస్తాయి. ప్రతిదాని దగ్గరా యాంటీవైరస్ ఆపి చూస్తుంది. రెండు నిమిషాల పని పావుగంటకు సాగితే, ఆ పావుగంటలో టీ తాగొచ్చు గానీ సాయంత్రానికి పని తెమలదు. ఈ గోల పడలేకే 2023లో మైక్రోసాఫ్ట్ విండోస్ 11లో డెవ్ డ్రైవ్ అనే ప్రత్యేక డిస్క్ తెచ్చింది. అందులో విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ ఫైలును తెరిచేటప్పుడు ఆపదు, ముందు తెరవనిచ్చి వెనకాలే చూస్తుంది. కాపలా కొంత సడలించి వేగం కొనుక్కున్నారన్నమాట. అలాంటి బేరం అని మైక్రోసాఫ్ట్ దాచుకోలేదు కూడా.

మారని ఫైలును వదిలేయడంలో ఇంకో మెలిక ఉంది, చాలామంది దృష్టికి రాదు. ఒక ఫైలు సోమవారం వచ్చింది. యాంటీవైరస్ చూసి బాగుందంది. గురువారానికి అందులో ఒక్క బైటు కూడా మారలేదు. అయినా గురువారం అది వైరస్ కావచ్చు! సోమవారం ఆ రకం వైరస్ సంగతి యాంటీవైరస్‌కే తెలియదు, బుధవారం రాత్రి అప్‌డేట్‌లో తెలిసింది. మారింది ఫైలు కాదు, కాపలావాడి జ్ఞానం. కాబట్టి ‘బాగుంది’ అన్న పాత మాట అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ పాతబడుతుంది. మైక్రోసాఫ్ట్ లాంటి సంస్థలు ఈ అప్‌డేట్లు రోజుకు పలుమార్లు పంపుతాయి. పంపిన ప్రతిసారీ మొత్తం మళ్లీ చూస్తే మొదటికే మోసం. క్యాస్పర్‌స్కీ సంస్థ ఐచెకర్ అన్న పద్ధతిలో దీనికి మధ్యేమార్గం వెతికింది. ఫైలు మారిందా అన్నదొక్కటే కాక, దాన్ని చివరిగా ఎప్పుడు చూశాం, వైరస్‌ల జాబితా ఎప్పటిది, స్కాన్ సెట్టింగులు మారాయా అన్నవన్నీ కలిపి, ఈసారి వదిలేయాలో చూడాలో తేల్చుకుంటుంది. పెద్ద ఫైళ్లకు ఇది పనిచేయదని సంస్థే చెబుతుంది.

బాచుపల్లికి చదువుతో పాటు మందుల వాసన కూడా ఉంది. డాక్టర్ రెడ్డీస్ ప్లాంట్లు, అరబిందో పరిశోధన కేంద్రం ఇక్కడివే. మందుల ల్యాబుల్లో ‘ఫైలు మారిందా’ అన్న ప్రశ్నకు యాంటీవైరస్‌తో పనిలేకుండానే ప్రాణం మీదికొచ్చేంత విలువుంది. అమెరికా ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన పార్ట్ 11 నిబంధన ప్రకారం పరీక్షల తాలూకు ఎలక్ట్రానిక్ రికార్డులో ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చినా పాతది చెరగకుండా కొత్తది నమోదు కావాలి. తనిఖీకి వచ్చినవాళ్లు మాత్రల కన్నా ముందు ఈ ఆడిట్ ట్రెయిల్ అడుగుతారంటే అతిశయోక్తి కాదు. అదే ల్యాబులో ఇంకో ఇబ్బంది. యంత్రం కొలతలు రాస్తుండగా మధ్యలో యాంటీవైరస్ ఫైలు పట్టుకుంటే డేటా పాడు కావచ్చు. అందుకని ఆ ఫోల్డర్ల జోలికి రావద్దని యాంటీవైరస్‌కు మినహాయింపు రాసిపెడతారు. మినహాయింపు ఇచ్చిన ఫోల్డరు వైరస్‌కు కూడా మంచి చోటే. ఈ రెంటి మధ్య ఎవరు సర్దుబాటు చేసినా ఏదో ఒకవైపు నష్టపోవాల్సిందే.

2020 అక్టోబరు 22న డాక్టర్ రెడ్డీస్ సంస్థ తమపై సైబర్ దాడి జరిగిందని, డేటా సెంటర్ సేవలన్నిటినీ విడదీసి పక్కన పెట్టామని స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలిపింది. స్పుత్నిక్-వి వ్యాక్సిన్‌ను మన దేశంలో పరీక్షించేందుకు అనుమతి వచ్చి వారం కూడా కాలేదప్పటికి. అది ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ పని అని ఆ తర్వాత వెల్లడించింది. ఇలాంటి దాడి జరిగిన ఏ సంస్థలోనైనా సర్వర్ల తీగలు పీకడం తొలి గంటలో అయిపోయే పని. చెడిపోయినవి ఏవి, చెడకుండా మిగిలినవి ఏవి, ఏ రోజు బ్యాకప్ దాకా నమ్మవచ్చు అని ఫైలు ఫైలూ తేల్చుకుంటూ రావడమే రోజులు తినేస్తుంది.

రాన్సమ్‌వేర్ వచ్చాక ఈ కథ తలకిందులైంది. జెరూసలేం నాటి వైరస్‌లు ఒక్కో ఫైలునూ గుట్టుగా మార్చేవి. రాన్సమ్‌వేర్ నిమిషాల్లో వేల ఫైళ్లను బాహాటంగా మార్చేస్తుంది. 2017 మే 12న మొదలైన వానాక్రై ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లను పట్టింది. తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయాల్లోనూ కొన్నిటిని వదల్లేదు. అది దూరిన కంతకు మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మాటు పంపింది, వేసుకోనివాళ్లే దొరికిపోయారు. ఈ దాడి తర్వాత యాంటీవైరస్‌లు ఏ ఫైలు మారిందన్నదాంతో పాటు ఎన్ని, ఎంత వేగంగా, ఎలా మారుతున్నాయన్నదీ గట్టిగా పట్టించుకోవడం మొదలుపెట్టాయి. చదవగలిగే ఉత్తరం కాస్తా అర్థంపర్థంలేని అక్షరాల కుప్పగా మారితే అది తాళం వేసిన గుర్తు. ఎవరూ ముట్టుకోని మూల రెండు ఉత్తుత్తి ఫైళ్లు పెట్టి, వాటిని ఎవరైనా తాకగానే గంట కొట్టే ఏర్పాటూ ఉంది. విండోస్ 10లో 2017 చివర వచ్చిన కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అయితే, తెలియని ప్రోగ్రాము డాక్యుమెంట్ల ఫోల్డరులో రాయబోతే అడ్డుకుంటుంది. కాకపోతే ఎవరికి వారు వెతికి ఆన్ చేసుకోవాలి.

హైదరాబాద్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్ ఈ సమస్యను మరో వైపు నుంచి పట్టుకుంది. చెడ్డవాళ్ల జాబితా ఎన్నటికీ పూర్తికాదు కాబట్టి మంచివాళ్ల జాబితా రాసుకుంటే పోలా? వాళ్లు చేసిన యాప్‌సంవిద్ అలాంటిది. ముందే ఒప్పుకున్న ప్రోగ్రాములను తప్ప వేటినీ నడవనివ్వదు. పెన్‌డ్రైవ్‌లను అదుపు చేసే యూఎస్‌బీ ప్రతిరోధ్ కూడా అక్కడిదే. ఈ రెంటినీ 2017 ఫిబ్రవరి 21న మొదలైన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ద్వారా కేంద్ర ప్రభుత్వం ఉచితంగా ఇచ్చింది. ప్రతి కొత్త అప్‌డేట్‌కూ ఎవరో ఒకరు కూర్చుని సరే అనాల్సి రావడం మంచివాళ్ల జాబితాతో వచ్చే విసుగు. ఆఫీసుల్లో పనికొస్తుంది. రోజుకో కొత్త యాప్ వేసుకునే ఇంట్లో నిలబడదు.

మారిన ఫైలు కాపలావాడిదే అయితే? 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ సంస్థ తన రక్షణ ప్రోగ్రాముకు ‘ఛానల్ ఫైల్ 291’ కొత్త కాపీ పంపింది. అందులో తప్పుంది. గేటు దగ్గర కుర్చీ వేసుకున్నవాడే కుప్పకూలితే గేటంతా మూసుకుపోయినట్టు, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు నీలం తెరతో ఆగిపోయాయి. 78 నిమిషాల్లో ఆ ఫైలు వెనక్కి తీసుకున్నా అప్పటికే దింపుకున్నవాటికి లాభం లేకపోయింది. ఆ రోజు శంషాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఇండిగో విమానానికి పెన్నుతో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది.

బాచుపల్లి జిరాక్స్ షాపులకు, కాలేజీ ల్యాబులకు వీటన్నిటికన్నా మోటు పరిష్కారం ఒకటి ఎప్పటినుంచో అందుబాటులో ఉంది. కెనడా సంస్థ ఫారోనిక్స్ తయారుచేసిన డీప్ ఫ్రీజ్. కంప్యూటర్‌ను ఒక మంచి రోజున గడ్డకట్టించి ఉంచుతుంది. ఆ తర్వాత ఏ ఫైలు మారింది, ఎవరు మార్చారు అన్న విచారణే పెట్టుకోదు. రీస్టార్ట్ చేస్తే చాలు, ఆ రోజు వచ్చిన మార్పులన్నీ వైరస్‌తో సహా తుడిచిపెట్టుకుపోయి యంత్రం పాత స్థితికి వస్తుంది. ల్యాబ్ అసిస్టెంట్‌కు సాయంత్రం చేయాల్సింది అన్నిటినీ ఆపి ఇంటికెళ్లడమే. మధ్యాహ్నం దాకా కూర్చుని టైపు చేసిన రిపోర్టు డెస్క్‌టాప్ మీద సేవ్ చేసుకుని, రెండు నిమిషాలు కరెంటు పోయి వచ్చాక ఖాళీ తెర చూసిన ఫైనలియర్ అమ్మాయి ఆ తర్వాత పెన్‌డ్రైవ్ లేకుండా ల్యాబుకు రాదు. షార్ట్‌కట్ వైరస్ ఆ పెన్‌డ్రైవ్‌కే పడుతుంది.